అగరొత్తి పుల్లతో బిగించిన స్క్రూ

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక చిన్న మాట. “చేశానండీ భాయ్, గట్టిగానే ఉంది” అన్నాను. నిజానికి చేయలేదు.

మా ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించే పెద్దాయన్ని అందరం భాయ్ అనే పిలుస్తాం. ముప్ఫై ఏళ్లుగా ఆయనది ఒకటే గిటారు. దాని అడుగున పట్టీ తగిలించే గుండీ ఉంటుంది. దాని స్క్రూ వదులైంది. కంటి ఆపరేషన్ తర్వాత ఆయనకి సన్నపని చేతకావడం లేదు. ఆదివారం గవర్నర్‌పేటలో వాళ్లింటికి పిలిచి గిటారు నా చేతికిచ్చారు.

“ఊరికే బిగిస్తే ఆగదురా. చిల్లు పెద్దదైపోయింది. టేకు పుల్ల చెక్కి, జిగురు రాసి దిగ్గొట్టు. ఒక రోజంతా ముట్టుకోకు. ఆ తర్వాతే స్క్రూ.”

రెండుసార్లు చెప్పారు. గిటారు గురువారం దాకా మా తలుపు వెనకాల సంచిలోనే ఉంది. ఆఫీసు పనెక్కువని నాకు నేనే చెప్పుకున్నాను గానీ, రోజూ సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ గంటసేపు కబుర్లాడినవాణ్ని నేనే.

గురువారం మధ్యాహ్నం హనుమాన్ జంక్షన్‌లో పెళ్లి విందు. స్టేజీ వెనకాల గిటారు బయటికి తీస్తే గుండీ వేళ్లకే ఊడొచ్చింది. వాయిద్యాలకి అగరొత్తులు వెలిగించనిదే మా వాళ్లు పాట మొదలుపెట్టరు. ఆ పొట్లంలోంచి రెండు తీసి, కింది పుల్లలు విరిచి, చిల్లులో కుక్కి స్క్రూ తిప్పాను. బిగిసినట్టే అనిపించింది. అప్పుడే భాయ్ వచ్చి అడిగారు, నేను ఆ మాట అన్నాను. ఆయన లాగి కూడా చూడలేదు. పట్టీ మెడకి వేసుకుని స్టేజీ ఎక్కారు.

నేను రిథమ్ గిటారు పట్టుకుని ఆయనకి అడుగు వెనక నిలబడ్డాను. మూడో పాటలో గుండీకీ చెక్కకీ మధ్య సన్నటి నల్లగీత కనబడింది. అంతకుముందు అది లేదు. అక్కణ్నుంచి నా కళ్లు దాన్ని వదల్లేదు. ఆయన కాలితో తాళం వేసినప్పుడల్లా గిటారు ఊగేది, గీత లావయ్యేది. కింద స్పీకరు పెట్టె ఇనప అంచు. గిటారు జారితే దాని మెడ ఆ అంచుకే తగిలి విరుగుతుంది. ఈ చూపుతో ఇంకో గిటారు మెట్లకి వేళ్లు అలవాటు చేసుకోలేననీ, ఇది పోతే వాయించడం ఆపేస్తాననీ ఆయన ఎన్నోసార్లు అన్నారు.

పాటకీ పాటకీ మధ్య చెప్పొచ్చు. ఒక్క అడుగు దూరం. నాలుగు పాటలు అలాగే నిలబడ్డాను. చెబితే నా అబద్ధం బయటపడుతుందనే భయం, గిటారు పడుతుందనే భయం కంటే పెద్దదైంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

పెళ్లికూతురి బాబాయిలు హుషారు పాట అడిగారు. భాయ్ ఊగడం మొదలుపెట్టారు. స్క్రూ మరలు బయటికి కనిపించాయి. నేను వాయించడం ఆపేసి, మోకాళ్ల మీద కూలబడి, గిటారు కింద రెండు చేతులూ పెట్టాను. విరిగిన పుల్లలతో సహా స్క్రూ నా చేతిలో పడింది. వెంటనే గిటారు బరువంతా పడింది.

“ఏంట్రా ఇది?”

“వాయించండి భాయ్. నేను వదలను.”

ఆయన ఆపలేదు. మా గాయకుడు మైకులో, “భాయ్‌గారు గిటారు మొయ్యడానికి మనిషిని పెట్టుకున్నారండోయ్!” అన్నాడు. హాలంతా నవ్వింది. ఫోన్లు పైకి లేచాయి. నేను పాటయ్యేదాకా గిటారు అలాగే పట్టుకున్నాను.

పాటయ్యాక భాయ్ చెయ్యి చాపారు. స్క్రూ, పుల్లలు అందులో పెట్టాను. వేళ్లతో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

“అగరొత్తి.”

“అవునండీ. నేనసలు చెయ్యలేదు భాయ్. అబద్ధం చెప్పాను.”

“ఆ మాట మొదట్లోనే చెప్తే కుర్చీలో కూర్చుని వాయించేవాణ్ని కదరా.”

అంతే అన్నారు. కుర్చీ సంగతి నాకు తట్టనేలేదు. మిగతా పాటలన్నీ ఆయన కూర్చునే వాయించారు.

శుక్రవారం సెలవు పెట్టి వాళ్లింటికెళ్లాను. ఆయన జుమ్మా నమాజు నుంచి వచ్చేసరికి టేకు పుల్ల చెక్కి ఉంచాను. ఆయన వేళ్లతో చూసి సరేనన్నాకే జిగురు రాసి దిగ్గొట్టాను. శనివారం సాయంత్రం దాకా ముట్టుకోలేదు. తర్వాత సన్నగా చిల్లు తొలిచి, స్క్రూకి సబ్బు రాసి బిగించాను. గిటారు ముందు నా మెడకే వేసుకుని గది అంతా నడిచాను.

ఆదివారం ప్రాక్టీసులో అందరూ ఆ వీడియో చూసి నవ్వుతున్నారు. “గురూ, నీ కామెడీ అదిరింది. ప్రతి ప్రోగ్రాంలో పెడదాం” అన్నాడు గాయకుడు. అది కామెడీ కాదని చెప్పి, తలుపు వెనక సంచి దగ్గర్నుంచి జరిగిందంతా చెప్పాను. గాయకుడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. భాయ్ పట్టీ మెడకి వేసుకోబోతూ, గుండీని పట్టుకుని ఒకసారి గట్టిగా లాగి చూసుకున్నారు. ముప్ఫై ఏళ్లలో ఆయనకి ఆ అలవాటు లేదు.

నేను వెళ్లి ఒక కుర్చీ తెచ్చి ఆయన పక్కన వేశాను. ఇప్పుడు ప్రతి ప్రోగ్రాంలోనూ వేస్తున్నాను.