రత్తయ్య నాచు తొట్టి

రత్తయ్య మీద నాకింకా కోపం పోలేదు. బోధన్ దగ్గర కాలువ కింద ఆయన చెరకు తోట, పక్కనే నాది. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్ళది. 2007లో డీజిల్ ధర చూసి ఒళ్ళు మండి, నాచు నుంచి ఇంజను నూనె తీయొచ్చని పేపర్లో చదివి, మోటారు కొట్టం వెనక పశువుల తొట్టిలో నాచు పెంచడం మొదలుపెట్టాడు. ఊరు నవ్వుతుందని భార్య నాగకుమారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. నాక్కూడా!

నాచు పెరగాలంటే యూరియా కావాలి. యూరియా కొనేకంటే డీజిలే కొనుక్కోవచ్చు కదా? అందుకని చెరకుకు పశువుల ఎరువులో కలిపి చల్లే అజటోబాక్టర్ పొడి తెచ్చాడు. అందులోని సూక్ష్మజీవులు గాలిలో నత్రజనిని పట్టి పైరుకు అందిస్తాయి. చెరకుకు పెట్టేవి నాచుకు మాత్రం పెట్టవా అని, బెల్లం నీళ్ళతో కలిపి తొట్టిలో పోశాడు. మొదటిసారి కుళ్ళి కంపు కొట్టింది. రెండోసారి పురుగు పట్టింది. రెండేళ్ళు నాగకుమారి తిట్లు తిన్నాక, మూడోసారి గింజ యూరియా లేకుండా తొట్టి పచ్చగా చిక్కబడింది. సోమవారం వచ్చి చూస్తాననీ, బాగుంటే పెద్ద తొట్లు కట్టిస్తాననీ రత్తయ్య రాసిన ఉత్తరం చూసి నిజామాబాద్ నుంచి ఒక శాస్త్రవేత్త కబురు పెట్టాడు.

సోమవారం పొద్దున తొట్టిలో నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున పాలిపోయిన మడ్డి. అంచుకు గుడ్డమూట వేలాడుతోంది. వరిమడిలో నాచు పడితే అది చచ్చేలా నీళ్ళు పారేచోట మైలుతుత్తం మూట కట్టడం మా దగ్గర అందరూ చేసేదే. ఇది కట్టింది పోశయ్య, పదిహేనేళ్ళుగా రత్తయ్య పొలానికి నీళ్ళు పెట్టే మనిషి.

"ఎవరు కట్టమన్నారయ్యా నిన్ను?" రత్తయ్య అరిచిన అరుపుకు నేను పరుగెత్తుకెళ్ళాను. "విత్తనానిక్కూడా మిగల్లేదే! రెండేళ్ళ కష్టం నాశనం చేశావు కదయ్యా!"

పోశయ్య బిత్తరపోయాడు. "పెద్దసారు వస్తుండంటివి గదన్నా. గంత నాచు వట్టిన తొట్టి సూస్తే నీ ఇజ్జత్ పోతదనుకున్న."

"అది నేను పెంచుతున్న నాచు!"

"మరి గా ముచ్చట నాకు జెప్పినవా? తొట్ల గిదేందన్నా అని మూడుసార్లు అడిగిన. నీకు తెల్వదులే పో అంటివి."

ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఆ తొట్టి మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు పోశయ్య.