అవ్వకు దిద్దిన కండ్లు

మసకను తగ్గించడం నా ఉద్యోగం. బెంగళూరులోని ఒక ల్యాబులో, ఎక్స్-రే తగిలితే మెరిసే రేణువులతో పని. ఒంట్లో కణితి దగ్గర అవి చేరితే దాన్ని వెలుగుతో పట్టుకోవచ్చని ఆశ. కానీ ఆ వెలుగు కండలో చెదిరిపోయి, తడిగుడ్డ వెనక దీపంలా బయటికొస్తుంది. లోపల ఎక్కడ మెరిసిందో కంప్యూటరు లెక్కకట్టి బొమ్మ గీయాలి. మెరిసే చోట్లు చిన్నవేనని దానికి ముందే చెబితే బొమ్మ పదునెక్కుతుంది. ఒక్కోసారి లేని చుక్కను కూడా అంతే ధీమాగా చూపిస్తుంది. గుడ్డికన్నా మెల్ల మేలంటారు గానీ, కణితి విషయంలో ఆ సామెత పనికిరాదు. అందుకే ముందు మైనపు దిమ్మెలో రేణువులు మేమే పెట్టి, వచ్చిన బొమ్మను సరిచూసుకుంటాం.

పోయినేడు పెద్దల అమావాస్యకు హిందూపురంలో అమ్మ దగ్గరికి వెళ్లాను. పోయినవాళ్లకు ఫోటో ముందు కొత్త గుడ్డలు, ఓళిగలు అనే బొబ్బట్లు పెట్టే రోజు అది. అమ్మను కన్న అవ్వకు సరైన ఫోటో లేదు. పెనుకొండలో ఎవరిదో పెళ్లిలో, వెనక వరసలో కదిలిన గోరంత ముఖం ఒకటుంది. అమ్మ దాన్నే స్టూడియోలో ఇచ్చి, పెద్దది చేయించి గోడకు తగిలించింది.

"చూడే, కండ్లెంత బాగొచ్చినాయో! మాయమ్మ నన్నే చూస్తాండాది," అంది.

నేను దగ్గరికెళ్లి చూశాను. పాత ఫోటోలో కండ్లున్నచోట బూడిదరంగు మరక తప్ప ఏమీ లేదు. ఎవరెవరి ముఖాలో చూసి నేర్చిన స్టూడియో కంప్యూటరు ముసలమ్మ కండ్లు ఇట్లుంటాయని అతికించింది. అవ్వ నేను పుట్టకముందే పోయింది. ఆమె ముఖం ఎరిగింది ఇంట్లో అమ్మ ఒక్కతే. అమ్మ సంబరం చూసి, ఆ కండ్లు కల్పించినవని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

ఈ ఏడు మళ్లీ వెళ్లాను. గోడమీది ముఖానికి నప్పే రంగని అమ్మ ధర్మవరం నుంచి చీర తెచ్చింది. నాకు అది మింగుడుపడలేదు. ఫోనులో ఆ పెళ్లిఫోటో తెరిచి, ఏమీ దిద్దకుండా అవ్వ ముఖాన్ని మాత్రం పెద్దది చేసి చూపించాను.

"ఎవురే ఈమె?"

"అవ్వే కదమ్మా. పెనుకొండ పెళ్లిలో."

అమ్మ ఫోనును కండ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. అసలు ముఖం గుర్తుకొస్తుందేమోనని నేను ఎదురుచూశాను.

"కాదులేవే. మాయమ్మ ఆడుండాది," అని గోడవైపు తిరిగి దండం పెట్టింది.

అవ్వ ముఖం తెలిసిన మనిషి ఇంట్లో ఇక లేదు. ఆ పూట ఆ గోడకు ఎదురుగా కూర్చుని అన్నం తినడం నా చేతకాలేదు.