గఫార్ సాబ్ రవ్వల లెక్క

మొన్న ఆదివారం ఉదయం ఆరాధనకు బయల్దేరుతూ చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే కింద నుంచి కిరోసిన్ వాసన వచ్చింది. ఖానాపురం హవేలిలో మేముండే అపార్ట్‌మెంటు పార్కింగులో ఎవరో బైకు చైను కడుగుతున్నారు. ఈ రోజుల్లో కిరోసిన్ ఎక్కడ దొరికిందో ఏమో. ఆ వాసన ముక్కుకు తగలగానే గఫార్ సాబ్ చేతులు కళ్లముందుకు వచ్చాయి. గోళ్ల సందుల్లో ఎన్నటికీ పోని సిరా, సీసపు అక్షరాల రాపిడికి నున్నగా అరిగిపోయిన వేళ్ల కొసలు. నేను ఆయన ప్రెస్సులో చేరేనాటికే పనంతా కంప్యూటర్ మీదికి మారింది. అయినా ఆయన సీసపు అక్షరాలను అమ్మలేదు. వారానికోసారి కిరోసిన్‌లో కడిగి, తుడిచి, మళ్లీ గూళ్లలో పెట్టేవారు. అది తలుచుకుంటూ నిలబడిపోయి ఆ రోజు గుడికి ఆలస్యంగా వెళ్లాను. ప్రభువు దినాన వేరే మతం మనిషిని తలుచుకుని ఆలస్యం చేశానని ఎవరైనా తప్పుపడితే పట్టనివ్వండి. నాకు లేఖనాలు నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు. దేవుని మాటను కాగితం మీద ఎంత జాగ్రత్తగా పెట్టాలో నేర్పింది మాత్రం ఆయనొక్కరే.

మాది దుమ్ముగూడెం మండలంలో అడవి అంచు ఊరు. అమ్మ తునికాకు కోసేది, ఆదివారం సంఘంలో పాటలు ఎత్తుకునేది. నేను ఖమ్మంలో కంప్యూటర్ డిగ్రీ చదివి ఉద్యోగం కోసం తిరుగుతుంటే, మా సంఘాల పాటల పుస్తకం గఫార్ సాబ్ ప్రెస్సుకు వచ్చిందనీ, కోయ పాటలూ తెలుగు పాటలూ తెలిసిన మనిషి కావాలనీ విని వెళ్లాను. ఆయన నా సర్టిఫికెట్లు చూడలేదు. చిన్న ఇనుప పట్టీలో సీసపు అక్షరాలు పేర్చిన ఒక వరుస చూపించి, రెండు వేళ్లతో ఎత్తమన్నారు. ఎత్తాను. అక్షరాలన్నీ జలజలా నేల మీద పడ్డాయి.

"ప్రార్థన చెయ్యమ్మా, మల్లా అతుక్కుంటయేమో," అన్నారు నవ్వకుండా.

నాకు ఒళ్లు మండింది. "మీరే వదులుగా పేర్చారు సాబ్. ఎవరెత్తినా పడతాయి," అన్నాను.

"అవ్. వదులుగనే పేర్చిన. నీ తప్పు కాదని చెప్తవో, ఏడుస్తవో చూద్దామని." అప్పుడు నవ్వారు. వరుసను మళ్లీ పేర్చారు. మాటల మధ్య సందుల్లో సన్నటి రాగి రేకులు ఒక్కొక్కటే దూర్చి నా చేతికిచ్చారు. ఎత్తితే ఈసారి వరుస మొత్తం ఒకే కడ్డీలా లేచింది. "కండ్లకు రెండు ఒక్కతీరుగనే కనిపిస్తయి. ఎత్తినప్పుడే తెలుస్తది. రేపటి నుంచి రా, ఎస్తేరమ్మా."

ఆ పాటల పుస్తకం సంగతి కొంచెం చెప్పాలి. మా ఊళ్లలో చాలామంది ఆడవాళ్లు బడికి పోలేదు. నడివయసుకు వచ్చాక, సంఘంలో పాటల పుస్తకం పట్టుకునే అక్షరాలు నేర్చుకున్నారు. మా అమ్మ అలాగే నేర్చుకుంది. వాళ్లు మనలాగా మాట వెంట మాట చదువుకుంటూ పోరు. ఏ పాట ఏ పేజీలో ఉందో, పల్లవి ఎక్కడ మళ్లీ వస్తుందో, రెండో చరణం ఎడమ పేజీలో కింది నుంచి మూడో వరుసలో మొదలవుతుందో, అదంతా వాళ్ల కళ్లకూ వేళ్లకూ తెలుసు. వేలు అక్కడికి వెళ్తుంది, అక్కడున్న మాట నోటికి వస్తుంది. ఈ మాట భయపడుతూనే సాబ్‌కు చెప్పాను. ఎవరైనా నవ్వే విషయమే కదా. ఆయన నవ్వలేదు.

"నేను చిన్నప్పుడు మా గ్రంథం గట్లనే నేర్చిన బేటీ," అన్నారు. "ఏ ఊర్ల కొన్నా మేం చదివే ప్రతికి పేజీ అదే, వరుస అదే. గిప్పుడు కండ్లు మూసుకున్నా పేజీ కనిపిస్తది. వరుస జరిగితే నాకు నోరు తిరగదు. మీ అమ్మకైనా అంతే."

అందుకే మార్కెట్లో దొరికే ప్రోగ్రాములు కాదని, వాళ్ల చేతుల్లోని పాత పుస్తకంలో ఉన్న పేజీ, వరుస కదలకుండా పేర్చే ప్రోగ్రాం నేనే రాశాను. అందులో లాగే ప్రతి పాటా ఎదురెదురు పేజీల్లో మొదలై అక్కడే ముగిసేలా, పాడుతూ మధ్యలో పేజీ తిప్పే పని లేకుండా చూశాం. పుస్తకం వచ్చింది. కొన్నేళ్లు సంఘాలన్నింటిలో చేతులు మారి, మూలలు నలిగి, పసుపు మరకలు పడి బతికింది.

రెండో ముద్రణ నాటికి పాత కంప్యూటర్ మూలకు చేరి కొత్తది వచ్చింది. అదే ప్రోగ్రాంను దాని మీదికి ఎక్కించి, అవే పాటలు ఇచ్చి పేజీలు తీశాను. పాత పేజీ మీద కొత్త పేజీ పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూడటం సాబ్ పెట్టిన నియమం. డెబ్బై నాలుగో పేజీ దాకా అక్షరం మీద అక్షరం కూర్చుంది. అక్కడ ఒక వరుస చివరి మాట కింది వరుసకు జారింది. దాంతో పాట పక్క పేజీలోకి పొంగింది. ఆ తర్వాత పుస్తకం చివరి దాకా పాటలన్నీ తప్పిపోయాయి.

"ఒక్క వరుసే సాబ్. చేత్తో కొంచెం లోపలికి లాగేస్తాను, అన్నీ సర్దుకుంటాయి," అన్నాను.

"ఇయ్యాల నువ్వు గుంజుతవ్. మల్లొక మిషన్ వస్తది. అప్పుడెవరు గుంజుతరు? అసలు ఎందుకు జారింది, అది చెప్పు."

తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. అక్షరాల వెడల్పులను నేను దశాంశాల్లో కూడుతున్నాను. యంత్రానికి పదో వంతును కూడా పూర్తిగా రాసుకోవడం చేతకాదు. తన లెక్కలో అది ఎంతకీ తెగదు కాబట్టి ఎక్కడో ఒకచోట తోక కోసేస్తుంది. పాత కంప్యూటర్ ఆ తోకను కొంచెం పొడుగ్గా ఉంచుకునేది, కొత్తది కురచగా కోస్తోంది. ఆ వరుస పేజీ వెడల్పుకు సరిగ్గా అంచున ఉంది. కంటికి ఆనని తేడాతో కొత్త యంత్రం చివరి మాట పట్టదని తీర్పు చెప్పింది.

సాబ్ అంతా విని, "కోసిన తోకలు ఏడ పారేస్తది?" అని అడిగారు.

"ఎక్కడా ఉండవు సాబ్. పోతాయి."

ఆయన లేచి గూట్లోంచి రాగి రేకు ఒకటి తీసి నా అరచేతిలో పెట్టారు. "నా తాన దీనికన్న సన్నది లేదు. ఉన్నయన్నీ గిసొంటి ముక్కలే. సగం ముక్క లేదు, పావు ముక్క లేదు. నూరు ముక్కలు పడితే నూరే, ఎవరు లెక్కపెట్టినా నూరే. నీ మిషన్‌కు అన్నిటికన్న సన్న ముక్క ఏందో నువ్వే చెప్పు. దానికన్న కింద లెక్క చెయ్యనియ్యకు."

నా చదువు మొత్తంలో అంత పనికొచ్చే మాట నాకెవరూ చెప్పలేదు. దశాంశాలన్నీ తీసేశాను. అచ్చుపనిలో కొలత పాయింటు. ఆ పాయింటును అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై ఆరు ముక్కలు చేశాను. పదహారు రెండ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చే సంఖ్య అది, యంత్రానికి సులువు. ఇక అన్నీ పూర్ణసంఖ్యలే. అక్షరం ఇన్ని ముక్కలు, సందు ఇన్ని ముక్కలు, పేజీ ఇన్ని ముక్కలు.

"అరవై అయిదు వేలా! గంత సన్నగ కోస్తే కనిపిస్తదా?"

"కనిపించదు సాబ్. కానీ లెక్కలో ఉంటుంది."

"అయితే పేరు పెట్టు. పేరు లేనిది జల్దీ మాయమైతది." ఆయనే పెట్టారు, రవ్వ అని.

అక్షరాన్ని సైజుకు తగ్గట్టు మార్చేటప్పుడూ, వరుసలో మిగిలిన జాగాను సందులకు పంచేటప్పుడూ భాగిస్తే శేషం మిగులుతుంది కదా, దాన్ని పారేయడానికి వీల్లేదన్నారు. అక్షరం దగ్గర మిగిలింది పక్క అక్షరానికి చేరాలి. సందుల దగ్గర మిగిలిన రవ్వలను మొదటి సందు నుంచి తలా ఒకటి, అయిపోయేదాకా పంచాలి. సీసంలో ఆయన చేసింది అదే. ఈ కొత్త లెక్క నడిపిన మొదటి రోజు ఇంకో గండం వచ్చింది. అంత చిన్న ముక్కల్లో కొలిస్తే సంఖ్యలు పెద్దవవుతాయి. రెండు పెద్ద సంఖ్యలను గుణిస్తే వచ్చినది, సంఖ్య దాచుకోవడానికి యంత్రంలో నేనిచ్చిన గడిలో పట్టక పొర్లి రుణసంఖ్య అయింది. వెడల్పాటి అక్షరం వచ్చినప్పుడల్లా వరుస ముందుకు పోకుండా వెనక్కి నడిచింది.

"ఏందమ్మా, మీ పాట మొత్తం ఒక్క అక్షరం నెత్తిన కూసున్నది?" అంటూ సాబ్ ఆ కాగితాన్ని గోడకు అతికించారు, నా పొగరు తగ్గడానికట. గుణకారం చేసేచోట రెట్టింపు వెడల్పున్న గడి వాడాక అది కుదిరింది. ఆ తర్వాత డెబ్బై నాలుగో పేజీ తీశాం. ఆ వరుస పేజీ వెడల్పుకు సరిగ్గా సమానంగా వచ్చింది. ఒక్క రవ్వ ఎక్కువ లేదు, ఒక్క రవ్వ తక్కువ లేదు. కొత్త కంప్యూటర్ మీద, మూలనున్న పాత దాని మీద, పక్క షాపు నుంచి అడిగి తెచ్చిన దాని మీద, మూడింటి మీదా తీసి కిటికీకి ఆనించాం. పుస్తకం మొత్తం ఒక్కటే.

కానీ ఈలోగా సంఘాల కమిటీ మనసు మార్చుకుంది. కార్యదర్శిగారు చెడ్డవారు కాదు, మంచి బోధకుడు. పట్నంలో పెద్ద ప్రెస్సువాళ్లు కొత్త అక్షరాలతో, రంగు అట్టతో చేస్తామన్నారని నమూనా పుస్తకం తెప్పించారు. భద్రాచలంలో మధ్యాహ్నం కమిటీ కూర్చుంది. ఊళ్ల నుంచి ఆడవాళ్లూ వచ్చారు, మా అమ్మ కూడా. సాబ్‌ను నేనే వెంటబెట్టుకుని వెళ్లాను.

నేను లేచి చెప్పాల్సింది చెప్పాను. పేజీలు మారితే పాత పుస్తకాలు చేతుల్లో ఉన్నవాళ్లు పాడలేరు. ఒకే బల్ల మీద ఇద్దరు రెండు పాటలు వెతుక్కుంటారు.

"వెంట్రుకవాసి తేడా ఎవరికి తెలుస్తుందమ్మా?" అన్నారు కార్యదర్శిగారు. "దేవుడు హృదయాన్ని చూస్తాడండీ, వరుసల్ని కాదు."

"హృదయాన్ని చూసే దేవుడు చేతిపనిని చూడడని మీకు ఎవరు చెప్పారండీ?" అన్నాను. వెనక ఎవరో "అబ్బో" అన్నారు. ఆడపిల్ల కమిటీలో అలా మాట్లాడకూడదని నాకు తెలుసు. మాట్లాడాను.

ఆయన ముఖం ఎర్రబడింది. సాబ్ వైపు తిరిగి, "మీరు మా పాటలు పాడరు కదా. మీకెందుకండీ ఈ పట్టుదల?" అని అడిగారు.

"పాడను సార్," అన్నారు సాబ్ నిలబడి. "పాడేటోల్ల వేలు ఏడ ఉంటదో మాత్రం నాకెరుక."

కార్యదర్శిగారు నమూనా పుస్తకాన్ని మా అమ్మ చేతికే ఇచ్చారు. "అమ్మా, మీరే చెప్పండి, ఎంత బాగుందో." అమ్మ దాన్ని కళ్లకు అద్దుకుంది. ఇరవై ఏళ్లుగా తాను ఎత్తుకునే పాట ఏ పేజీలో ఉండాలో అక్కడ తెరిచింది. వేలు ఎడమ పేజీ కిందికి వెళ్లి ఆగింది. పైకి వచ్చింది. పక్క పేజీకి పోయింది. అమ్మ పుస్తకం మూసి కార్యదర్శిగారికి తిరిగి ఇచ్చేసింది.

"నాకు సదువు రాదయ్యా," అంది.

ఆ మాట నేను ఎన్నటికీ మరిచిపోను. నలభై దాటాక చదువుకున్న మనిషి, సంఘంలో నిలబడి చదివిన మనిషి, ఒక్క నిమిషంలో తనకు చదువే రాదని ఒప్పేసుకుంది. తప్పు పుస్తకానిదని ఆమెకు తట్టనే లేదు. నేను ఏడవబోయాను. సాబ్ నా చేతిలోంచి మేం తీసిన కొత్త ప్రతి లాక్కుని అమ్మ ముందు పెట్టారు. "గిది చూడు చెల్లె. నీకు సదువు వస్తది. గా పుస్తకానికే రాదు."

అమ్మ తెరిచింది. వేలు వెళ్లింది, నోరు విచ్చుకుంది. పాట రెండో వరుసకు వచ్చేసరికి వెనక ఉన్న ఆడవాళ్లంతా తమ నలిగిన పాత పుస్తకాలు తీసి గొంతు కలిపారు. పాట పూర్తయ్యేదాకా కార్యదర్శిగారు కూర్చోలేదు.

అంతా గెలిచామని చెప్పను. టౌన్ సంఘాలు రంగు పుస్తకమే తీసుకున్నాయి. అడవి వైపు సంఘాలు మా పుస్తకం తీసుకున్నాయి. తురకాయన అచ్చేసిన పాటలని ఎగతాళి చేసినవాళ్లున్నారు. వాళ్ల ముందే పాడాం.

ఆ తర్వాత సాబ్‌కు పక్షవాతం వచ్చింది. దవాఖానాలో చూడటానికి వెళ్తే, వంకరపోయిన నోటితో ఆయన అడిగింది తన ఆరోగ్యం గురించి కాదు. "నువ్వు లేకపోతే గా లెక్క ఎవరికి తెలుసు?" ప్రోగ్రాం భద్రంగా ఉందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "మిషన్‌ల ఉన్నది మిషన్‌తోనే పోతది. మనుషులు చదివే తాన పెట్టు." మూడో ముద్రణకు ఆయన లేరు.

ఆ మూడో ముద్రణ నుంచి మా పాటల పుస్తకంలో, ఆఖరి స్తోత్రగీతం తర్వాత, రెండు పేజీల లెక్క ఉంటుంది. ఒక పాయింటుకు ఎన్ని రవ్వలు, ప్రతి అక్షరం ఎన్ని రవ్వలు, గుణకారానికి ఎంత గడి కావాలి, శేషాన్ని ఎవరికి పంచాలి, అన్నీ తేట తెలుగులో, ఏ కంప్యూటర్ భాష పేరూ లేకుండా. ఏ కాలంలో ఎవరు ఏ యంత్రంతో కూర్చున్నా, ఆ రెండు పేజీలు చదివి చేస్తే మా అమ్మ వేలు ఆగినచోటే మాట వస్తుంది. పాటల పుస్తకంలో కూడికలూ భాగహారాలూ ఏమిటని ప్రతి ముద్రణకూ అడుగుతారు. ఆ జాగాలో ఇంకో పాట పడుతుందంటారు. అది కూడా స్తోత్రమేనని నేను నమ్ముతున్నానని చెబుతాను. నమ్మినవాళ్లు కొందరు, నవ్వినవాళ్లు కొందరు. తీసేయమని ఈ ఏడాది ఉత్తరం కూడా రాశారు. తీయనని జవాబు రాసి, పుస్తకం అచ్చుకు పంపాను.