కాదనలేని ఆకు

మొన్న బస్సులో నా పక్కన కూర్చున్నతను అరచేతిలో పొగాకు నలిపి, సున్నం కలిపి, బొటనవేలితో రుద్దాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే తుమ్ముతో పాటు కోపం కూడా వచ్చింది. పాపం, అతని మీద కాదు, నారపరెడ్డి మీద. ఆయన పోయి ఎన్నేళ్లయినా ఆ కోపం తగ్గలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నంత వైద్యం మద్రాసు చదువులో కూడా నేర్చుకోలేదని ఒప్పుకుంటాను. ఒప్పుకునే ముందు ఆయన్ను నాలుగు తిట్టాలనిపిస్తుంది.

పంతొమ్మిది వందల యాభైల మొదట్లో నన్ను మైదుకూరు దగ్గర ఒక చిన్న ఆసుపత్రికి డాక్టరుగా వేశారు. నారపరెడ్డి ఆ పక్క ఊరి పెద్దమనిషి. తలకు రుమాలు, నడుముకు వక్కా ఆకూ పొగాకూ పెట్టుకునే తిత్తి. చుట్టుపక్కల ఎవరికి తగువొచ్చినా ఆయన అరుగు మీదికే వచ్చేవారు. ఒకరోజు నోరు మండుతోందని వచ్చాడు. టార్చి వేసి చూస్తే లోపలి చెంప తెల్లగా పాలిపోయి, మధ్యలో చిన్న పుండు కనిపించింది.

"పెద్దాయనా, ఈరోజుతో పొగాకు మానెయ్యాలి. లేకపోతే ఇది రాచపుండు అవుతుంది" అన్నాను.

"సరేలే నాయనా, నీ మాట కాదని యాడికి పోతా?" అన్నాడు. మందు తీసుకుని బయటికి నడిచి, ఆసుపత్రి మెట్ల మీదే తిత్తి విప్పాడు.

నెలల తరబడి ఇదే వరస. భయపెట్టాను, బతిమాలాను, ఆయన భార్య ఓబులమ్మను ఆయన చేత ఒట్టు వేయించుకోమన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఊరందరికీ బుద్ధి చెప్పే మనిషికి తన నోటి సంగతి పట్టదేమిటని నాకు ఒళ్లు మండిపోయేది. చివరికి ఓబులమ్మ ఏడ్చి అన్నం మానేస్తే గాని ఆయన తిత్తి గూట్లో పెట్టలేదు. కొన్ని వారాలకు పుండు మానుముఖం పట్టింది. గెలిచాననుకున్నాను.

ఆ నమ్మకంతోనే ఒకసారి ఆయన్ను చూడడానికి వాళ్ల ఇంటికి వెళ్లాను. అరుగు మీద పంచాయితీ జరుగుతోంది. సుబ్బన్న, చెన్నయ్య అన్నదమ్ములు. ఉమ్మడి బావి నీళ్ల దగ్గర తగువు. రోజు మార్చి రోజు ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడుకోండని నారపరెడ్డి తీర్పు చెప్పాడు. ఇద్దరూ తల ఊపారు. తీర్పు అయ్యాక ఇరుపక్షాలవాళ్లూ తమ తిత్తిలోంచి ఆకూ వక్కా పొగాకూ తీసి పెద్దమనిషికి ఇవ్వాలి, ఆయన అందరి ముందూ ఇద్దరిదీ నమలాలి. అక్కడి ఆచారం అది. నమిలితేనే తీర్పు కుదిరినట్టు. ఆరోజు నారపరెడ్డి రెండాకులూ కళ్లకద్దుకుని చాప మీద పెట్టేశాడు.

"మా ఆకు ముట్టల్యా అంటే ఈ తీర్పు ఆయప్పకే ఇష్టం ల్యాదు" అని సుబ్బన్న లేచిపోయాడు. వారం తిరక్కుండా బావి దగ్గర కపిల మోకు తెగింది, చెన్నయ్య తల పగిలింది.

తలకు కుట్లు వేసింది నేనే. కట్టు కట్టేసరికి నారపరెడ్డి సుబ్బన్నను వెంటబెట్టుకుని వచ్చాడు. అన్నదమ్ములిద్దరి చేతా మళ్లీ ఆకులు పెట్టించుకుని, నా ఎదురుగానే రెండూ నోట్లో వేసుకున్నాడు.

"మీకు నోరు కావాలా, వాళ్ల బావి కావాలా?" అని అరిచాను.

"అరవాకప్పా. నేను నమలకుంటే ఈసారి మనిషే పోతాడు. అప్పుడు నువ్వు కుట్లేసేదానికి కూడా ఏముండదు."

"ఈ సంగతి మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?"

"పెట్టినోళ్ల మీద నెపం ఏసేది మర్యాదేనాప్పా?"

మర్యాదట! నాకు తల బాదుకోవాలనిపించింది. టార్చి సుబ్బన్న చేతిలో పెట్టి, "నోరు తెరవండి పెద్దాయనా, వీళ్లు చూడాలి" అన్నాను. చాలాసేపు మొరాయించి తెరిచాడు. సుబ్బన్న ఇంకా మానని పుండు చూశాడు, తమ్ముడికి చూపించాడు.

"ఇది మా ఆకు చేసిన పనా సామీ?" అన్నాడు చెన్నయ్య, తలకు కట్టుతోనే.

"మీది, మీలాంటి అందరిదీ" అన్నాను.

ఆ తర్వాత అన్నదమ్ములే చుట్టుపక్కల ఊళ్లలో చెప్పి వచ్చారు, పెద్దాయనకు ఎవరూ పొగాకు పెట్టకూడదని. ఆకుకు బదులు బెల్లం ముక్క పెట్టడం మొదలైంది. "ఇది పంచాయితీనా, పేరంటమా?" అని గొణుక్కుంటూనే చప్పరించేవాడు నారపరెడ్డి. ఆ తీర్పులు కూడా నిలిచాయి. ఆయన మళ్లీ పొగాకు ముట్టలేదు.

కానీ పైకి మానుతున్నట్టున్నా, పుండు అప్పటికే లోపలికి పాకింది. కర్నూలు పెద్దాసుపత్రిలో చెంప కోశారు. మరుసటి వేసవిలో పోయాడు. ఏడ్చాను, ఏడుస్తూనే తిట్టుకున్నాను. ఒక్క మాట, పెట్టినవాడి పేరు ఒక్కటి మొదటిరోజే నోరు తెరిచి చెప్పి ఉంటే ఆ మనిషి బతికేవాడేమో.

ఇప్పుడు పొగాకు అలవాటున్నవాళ్లు ఎవరు వచ్చినా మానమని మొదట చెప్పను. భయం ఎంతసేపు నిలుస్తుందో నాకు తెలుసు. "ఎవరు పెడితే కాదనలేవు?" అని అడుగుతాను. మామ అనో, మేస్త్రీ అనో, వియ్యంకుడనో చెప్పాలి. చెప్పరు. పెద్దల పేరు ఎలా చెప్తామని నసుగుతారు. అచ్చం ఆయన మాదిరే. అప్పుడు నా గొంతు పెరుగుతుంది, బయట వరసలో ఉన్నవాళ్లు తొంగి చూస్తారు. చూడనీ. పేరు చెప్పి, రేపు ఆ మనిషిని వెంట తెస్తానని ఒప్పుకునేదాకా కుర్చీలోంచి లేవనివ్వను.