తిన్న బిడ్డా, నువ్వు తిను

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్లు లేరు. టేకుమట్లలో మా పక్కింటి పెద్దమ్మ ఒకసారి చెట్టు మీద తెల్లచీర కనిపించిందని జ్వరం తెచ్చుకుంది. పొద్దున్నే వెళ్లి, ఆ కొమ్మకు చిక్కుకున్న యూరియా సంచిని దింపి ఆమె చేతిలో పెట్టింది నేనే. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను, మీరేమనుకున్నా సరే.

మా ఆయన యాక్సిడెంట్లో పోయాక నాకు మిగిలింది నా కూతురు అమ్ములు, ఒక డిగ్రీ సర్టిఫికెట్. కొన్నాళ్లు పత్తి ఏరడానికి పోయాను. తర్వాత తెలిసినవాళ్లు చెబితే జనగామలో ఉద్యోగం దొరికింది. పాపను మా అమ్మ దగ్గర వదిలి, హన్మకొండలో బస్సు మారి జనగామ చేరాను. బస్సు కదిలే దాకా ధైర్యంగానే ఉన్నాను, ఆ తర్వాత దారి పొడుగునా ఏడ్చాను.

ఆఫీసు హైదరాబాద్ రోడ్డు మీద కొత్తగా లేచిన అద్దాల బిల్డింగులో. జనగామలో అంత ఎత్తు బిల్డింగు నేను చూడటం అదే మొదలు. పాలకుర్తి ఆటోల్లో వచ్చిన జనం దాని ముందు దిగి, తల పైకెత్తి చూసి, సెల్ఫీ దిగి పోయేవాళ్లు. కింద బట్టల షోరూం. పై అంతస్తులన్నిటికీ 'త్వరలో ప్రారంభం' అని బ్యానర్లు. ఐదో అంతస్తు మొత్తం మా కంపెనీది. బీమా క్లెయిములు చూసే హైదరాబాద్ కంపెనీ, జిల్లాల్లో కూడా బ్రాంచీలు తెరుస్తోంది. హాలు నిండా బల్లలు, కుర్చీలు తెచ్చి పెట్టారు. కుర్చీల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. కూర్చోవాల్సిన మనుషులు మాత్రం ఇంకా రాలేదు. ఫోన్లు ఎత్తడానికి, కొరియర్లు తీసుకోవడానికి నేనొక్కదాన్నే.

మేనేజర్ సారు వారానికోసారి హైదరాబాద్ నుంచి వచ్చేవారు. మొదటి రోజే ముఖం మీద చెప్పారు. "మీకు ముందు ఇద్దరు చేరి మానేశారు. బ్రాంచి పూర్తిగా మొదలయ్యేదాకా, అంటే జూన్ దాకా మీరు నిలబడితే పర్మనెంట్ చేస్తాం. లేకపోతే లేదు."

పర్మనెంట్ అయితే పాపను జనగామ బళ్లో చేర్పించి నా దగ్గరే పెట్టుకోవచ్చు. నాకు కావాల్సింది అదొక్కటే. రాత్రి ఫోన్ చేస్తే అమ్ములు అడిగే మాట కూడా అదే. "మమ్మీ, జూన్ ఎప్పుడొస్తదే?"

ఆ హాల్లో లైట్లు మనిషి కదలికను బట్టి వెలిగే రకం. కాసేపు కదలకుండా కూర్చుంటే నా నెత్తి మీది లైటు ఆరిపోయేది. చెయ్యెత్తి ఊపితే మళ్లీ వెలిగేది. "ఉన్న తల్లీ, ఉన్న" అని దానికి చెప్పుకునేదాన్ని. మొదట్లో నవ్వొచ్చేది. పోనుపోను ఏడుపొచ్చేది.

చేరిన కొత్తలోనే ఒక మధ్యాహ్నం అది జరిగింది. బాక్సు మూత తీస్తే "రాండ్రి, తిందాం" అనడం మా వైపు అలవాటు. పత్తి చేన్లో అయినా, బస్సులో అయినా, దవాఖానలో అయినా చుట్టుపక్కల వాళ్లను పిలవకుండా తింటే ముద్ద దిగదు. ఆ రోజు ఫోన్లో అమ్ములు ఫోటో చూసుకుంటూ, ఖాళీ హాల్లో ఉన్నానన్న సంగతే మరిచిపోయి అనేశాను.

"తిన్న బిడ్డా, నువ్వు తిను."

హాలు అవతలి చివర నుంచి వచ్చింది. ముసలామె గొంతు. ఎంత మామూలుగా వచ్చిందంటే, నేను తలూపి ముద్ద కలిపి నోట్లో కూడా పెట్టుకున్నాను. నమిలేటప్పుడు గుర్తొచ్చింది, అక్కడ ఎవరూ లేరని. తలెత్తి చూస్తే ఆ చివర లైటు ఒక్కటి వెలుగుతోంది.

లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీద నుంచి కిందికి ఉరికాను. సెక్యూరిటీ యాకయ్యన్న పైకి వచ్చి బల్లల వెనక, బాత్రూముల్లో, మెట్ల దగ్గర అంతా వెతికాడు.

"ఎవలు లేరు చెల్లె. పొద్దటి సంది లిఫ్టు కాడనే ఉన్న, ముసలామె ఎవలూ ఎక్కలే" అన్నాడు. తర్వాత మెల్లగా, "నీకంటె ముందు పనిజేసిన పిల్ల గూడ గిట్లనే ఉరికొచ్చింది. సంచి గూడ తీస్కపోలే. మల్ల రాలే" అన్నాడు.

ఆమె ఏం విన్నదో అడిగావా అంటే అడగలేదన్నాడు. ఈ సంగతి సారుకు చెప్పొద్దని ఆయన్ను బతిమాలాను. నేను కూడా సంచి వదిలి పోతే అమ్ములుకు ఏం చెప్పాలి? పైకి వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.

మర్నాడు కావాలనే పిలిచి చూశాను. మళ్లీ అదే మాట. ఆ తర్వాత కూడా పిలిచినప్పుడల్లా అదే మాట, అదే గొంతు. పిలవకపోతే ఏమీ వినిపించేది కాదు. లైటు సంగతి ఎలక్ట్రీషియన్‌ను అడిగితే, "ఏసీ గాలికి ప్లాస్టిక్ కవర్లు ఊగినా వెలుగుతదక్కా" అన్నాడు. లైటు వరకు ఆయన మాట ఒప్పుకున్నాను. గొంతు సంగతి ఆయన్ను అడగలేదు. ఆ జాగాలో ఇంతకు ముందు ఏముండేదో కూడా విచారించాను. పత్తి గోదాం ఉండేదని యాకయ్యన్న అన్నాడు. ఉత్త తుమ్మలే ఉండేవని ఎదురుగా టీ కొట్టాయన అన్నాడు.

సిగ్గు విడిచి ఒక మాట చెబుతాను. కొన్నాళ్లకు నాకు భయం పోయింది. భయం పోవడమే కాదు, మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. నేను అద్దెకుండే ఇంటి ఓనరమ్మ నల్లా నీళ్ల గురించి తప్ప మాట్లాడదు. ఆఫీసు ఫోన్లలో నన్ను మేడం అంటారు, ఎవరికీ నా పేరు తెలియదు. ఆ ఊళ్లో నన్ను 'తిను' అన్నది ఆ గొంతు ఒక్కటే. వంట చేసుకోబుద్ధి కాని రోజు కూడా, బాక్సు లేకపోతే ఆమెను పిలవలేనని లేచి వండుకునేదాన్ని.

వేసవి మొదట్లో ఒకరోజు తినే వేళకు మా అమ్మ ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టి మాట్లాడుతూ మూత తీశాను, అలవాటుగా పిలిచాను, అలవాటుగా జవాబు వచ్చింది.

"ఎవలే ఆ ముసలామె?" అంది మా అమ్మ.

ఏం వినపడిందని అడిగాను.

"తిన్న బిడ్డా, నువ్వు తిను అంటున్నది గదా. ఆఫీసుల ఊడ్చే అవ్వనా?"

అవునన్నాను. అన్నాళ్లూ నా బుర్ర చెడిపోయిందేమోనన్న అనుమానం ఒక మూల ఉండేది. అది ఆ క్షణంలో పోయింది. కానీ మా అమ్మ ఊరుకోలేదు, తిట్టడం మొదలుపెట్టింది.

"తిన్ననంటె తిన్నట్టేనానే? మొహమాటానికి అంటరు. ఒక్కపాలి అడిగి ఊకుంటరా? మల్లమల్ల అడిగి కూసోబెట్టాలె గని. గప్పుడే టౌను బుద్ధులు వచ్చినయా నీకు?"

నిజమే. మా ఇంట్లో ఎవరొచ్చినా తిన్ననే అంటారు. ఆకలితో వచ్చినవాళ్లు ఇంకా గట్టిగా అంటారు. రెండోసారి, మూడోసారి అడిగితే గానీ కూర్చోరు. అన్నాళ్లుగా నేను ఒక్కసారి పిలిచి, జవాబు రాగానే తినేస్తున్నాను.

ఫోన్ పెట్టేశాక హాలు చివరికి చూస్తూ అన్నాను. "గట్లంటె ఎట్ల అవ్వా? వచ్చి కూసో. రెండు బుక్కలు తిను."

మళ్లీ పిలిచాను.

"నాకు ఒక్కదానికి తినబుద్ధి అయితలేదు. రా అవ్వా."

అప్పుడు వినిపించింది. "సరే, పెట్టు బిడ్డా."

హాలు చివర లైటు వెలిగింది. దాని తర్వాతది వెలిగింది. ఒకదాని తర్వాత ఒకటి నా వైపే వచ్చి, నా ఎదుటి కుర్చీ మీది లైటు దగ్గర ఆగాయి. బాక్సు మూతలో అన్నం, పప్పు, కొంచెం మామిడికాయ తొక్కు పెట్టి అటువైపు జరిపాను. తలెత్తలేదు. భయంతో కాదు. తినేవాళ్ల దిక్కు చూడొద్దని, దిష్టి తగులుతుందని చిన్నప్పటి నుంచి నేర్పారు. నా అన్నం చూసుకుంటూ తిన్నాను. అమ్ములు ముచ్చట్లు చెప్పాను. జూన్ గురించి చెప్పాను. మా ఆయన పోయిన తర్వాత నేను కడుపు నిండా తిన్నది ఆ రోజే.

"పోయొస్త బిడ్డా" అని దగ్గర నుంచి వినిపించింది.

అప్పుడు చూశాను. ఎదుటి కుర్చీ ఖాళీ. మూతలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది, మెతుకు తగ్గలేదు. కుర్చీ మీది ప్లాస్టిక్ కవరు కొంచెం నలిగినట్టు అనిపించింది. అంతకు ముందు ఎలా ఉందో గమనించలేదు కాబట్టి దాన్ని సాక్ష్యమని చెప్పను.

మరుసటి రోజు పిలిచాను. జవాబు రాలేదు. ఒక్కసారి కాదు, అమ్మ చెప్పినట్టు మళ్లీ మళ్లీ పిలిచాను. రాలేదు. ఆ వారమంతా అన్నం సగం పారబోశాను.

జూన్‌లో నన్ను పర్మనెంట్ చేశారు. అమ్ములు వచ్చింది, ఇక్కడే బడికి పోతోంది, రాత్రి నా పక్కనే పడుకుంటోంది. కుర్చీల కవర్లు చింపేశారు. ఐదో అంతస్తు నిండా ఇప్పుడు మనుషులే, లైట్లు ఆరిపోయే సందే లేదు. మధ్యాహ్నం ఎవరి బల్ల దగ్గర వాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్ చూస్తూ తింటారు. నేను రాండ్రి తిందాం అంటే ఎవరికీ వినపడదు.

ఆమె ఎవరో నాకు తెలియదు. నాకంటే ముందు పనిచేసిన పిల్ల విన్నది ఈ మాటేనో, ఇంకేదైనానో తెలియదు. నేను పెట్టింది ఆమెకు అందిందో లేదో కూడా తెలియదు. మా అమ్మకు నేను ఇప్పటికీ నిజం చెప్పలేదు. మొన్న ఫోన్లో తనే అడిగింది, ఆ అవ్వ కనవడుతున్నదా అని.

ఊరికి పోయిందమ్మా అన్నాను.

"పోతున్నన్నదా, పోయొస్తన్నదా?"

"పోయొస్తన్నది."

"అయితె వస్తదిలే" అంది మా అమ్మ.