బీరువా వైపు కుర్చీ

ఆ మధ్యాహ్నం రేపల్లె ఇంటి ముందు గదిలో ఉన్నవి: అన్నయ్య గిటార్, చిన్న యాంప్లిఫయర్, బాపట్లలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు కొన్న నా సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, రెండు కొత్త పికప్‌లు, బల్ల, బీరువా, కుర్చీ. ఉన్నవాళ్ళు: వదిన, నేను. గోడ అవతల రైస్ మిల్లు ఆడుతోంది. అన్నయ్య పోయి ఏడాది కావస్తోంది.

పికప్ అంటే గిటార్ తీగల కింద ఉండే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకలాంటి రాగితీగ చుట్ట. పాతదానిలో ఆ రాగితీగ ఎక్కడో తెగింది. మీటర్ పెడితే ఏమీ చూపించలేదు.

తెనాలిలో అన్నయ్య వాయించిన ఆర్కెస్ట్రాలో కీబోర్డు ఆయన అంతకుముందే ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, గిటార్‌కి రెండు చుట్టల పికప్ వేసి మాకిచ్చెయ్. గుయ్యిమని మోత ఉండదు. స్టేజీ మీద మీ అన్నయ్య మోతతో చచ్చామనుకో..."

అని ఆగిపోయాడు. నాలుక కరుచుకున్నట్టున్నాడు. "ఫర్వాలేదండి," అన్నాను. నిజంగానే నాకేమీ అనిపించలేదు. ఇచ్చేయడానికి వదిన కూడా ఒప్పుకుంది.

రెండు పికప్‌లూ బల్ల మీద పెట్టి చెప్పాను. ఒక చుట్టది పాతదాని లాంటిదే, మిల్లు మోటారు కరెంటు వల్ల వచ్చే మోతను పట్టుకుంటుంది. రెండు చుట్టలదైతే, ఒక చుట్ట పట్టిన మోతను రెండోది కొట్టేస్తుంది.

"మరి మీ అన్నయ్య ఏం చేసేవారు?"

"గిటార్‌ని ఒక వైపుకి తిప్పితే మోత తగ్గుతుంది వదినా. అందుకే అలా బీరువాకేసి కూర్చునేవాడు."

వదిన కుర్చీ వైపు చూసింది.

"అందుకా? పెళ్లైన కొత్తలో నా మీద అలకేమో అనుకున్నా. టీ తెచ్చి, ఏమండీ, కాస్త ఇటు తిరగండి అంటే, మిల్లోడు ఒప్పుకోడే అనేవారు. వేళాకోళం అనుకుని నేనే అలిగేదాన్ని." నవ్వింది. "ఈ రెండోది వేస్తే?"

"ఎటు తిరిగైనా కూర్చోవచ్చు."

"అయితే అదొద్దు."

"మోత వస్తే వాళ్ళు తీసుకోరు వదినా."

"తీసుకోవద్దులే. ఇక్కడే ఉంటుంది. నువ్వే చెప్పు వాళ్ళకి."

నేను చదువుకున్న ఏ లెక్క ప్రకారం చూసినా అది తప్పు ఎంపిక. అయినా ఒక చుట్టదే అతికించి, స్క్రూలు బిగించి, తీగలు కట్టాను. యాంప్లిఫయర్ ఆన్ చేయగానే గుయ్యిమంది. వదిన లేవలేదు.

గిటార్ ఒళ్ళో పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చుని, దానితో సహా గుమ్మం వైపు తిరిగాను. మోత అలాగే ఉంది. వదిన వైపు తిరిగితే పెరిగింది. బీరువా వైపు తిరుగుతుంటే తగ్గుతూ వచ్చి, ఒకచోట దాదాపు పోయింది. వంగి చూశాను. కుర్చీ కాళ్ళు గచ్చు మీద పాత గీతల్లోకి వచ్చి ఉన్నాయి.

కుర్చీ కదలకుండా లేచి, అయస్కాంతం ఉన్న గిటార్ దూరంగా పెట్టి, కుర్చీ మీద ఫోన్ ఉంచి, అన్నయ్య ఎటు తిరిగి కూర్చునేవాడో దిక్సూచిలో చూశాను.

నూట పన్నెండు డిగ్రీలు.