ఐదు అంకె, నాలుగు కట్ట

పల్లవిలో రెండో మాటకే నా కూతురి మెడ నరం తేలింది. ప్రమాదమని నాకు అప్పుడే తెలిసింది. హోసూరులో బడి వార్షికోత్సవం. తొమ్మిదేళ్ల పిల్ల గడ్డం పైకెత్తి, కాలివేళ్ల మీద లేచి పాడుతోంది. అంతకు ముందు నెలే గొంతు వాచి పది రోజులు మాట లేకుండా ఉంది. అరవనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

దాని శ్రుతి నాలుగు కట్ట. మా వైపు కీబోర్డు మీద తెల్ల మెట్లు మాత్రమే లెక్కపెట్టి శ్రుతిని ఇన్ని కట్టలని చెబుతారు; అంకె పెరిగితే శ్రుతి పెరుగుతుంది. అక్కడ మోగుతున్నది ఐదు కట్ట.

గొంతు పగలడం కీబోర్డు మాస్టరుకూ వినిపించింది. అయినా శ్రుతి దించలేదు. కీబోర్డులోని పియానో ధ్వని మీద వయొలిన్ల ధ్వని ఒకటి కలిపి, దాని మోత పెంచాడు. పగుళ్లు జనానికి వినపడకూడదట! ఆ మోతను దాటాలని పిల్ల ఇంకా గట్టిగా అరిచింది.

పల్లవి అయ్యి వాద్యం మొదలవగానే వేదిక ఎక్కాను. కెలమంగలం నుంచి వచ్చిన మా అత్త కొంగు పట్టి లాగినా ఆగలేదు.

"శ్రుతి దించప్పా. పిల్ల గొంతు పోతుంది."

"మీరే కదమ్మా ఐదని రాసిచ్చినారు? ఈడ చూడండి."

ఆయన చూపిన చీటీలో ఉన్నది నా చేతిరాతే. మా ఇంటి చిన్న కీబోర్డు సున్న నుంచి మొదలుపెట్టి నల్ల మెట్లనూ లెక్కపెడుతుంది. నాలుగు కట్టకు దాని తెర మీద ఐదు పడుతుంది. డిగ్రీ చదివినదాన్ని, ఆ ఐదునే చూసి చీటీలో రాశాను. ఆయన దాన్ని కట్ట అనుకున్నాడు.

"దానిది నాలుగు కట్ట అప్పా!"

"ఇప్పుడు మారిస్తే ప్రోగ్రామంతా పాడైపోతుంది. పాపకే గొంతు లేదు. పోయి కూచోండమ్మా."

గొంతు లేదన్న మాట మైకులో పడింది. హాలంతా విన్నది. పిల్లా విన్నది.

ఇక నాకు ఒళ్లు తెలియలేదు. చెయ్యి చాపి శ్రుతి దించే మీట రెండుసార్లు నొక్కాను. తెర మీద ఐదు కట్టకు పడే ఏడు, నాలుగు కట్టకు పడే ఐదయింది. నా కూతురు మాత్రం చరణాన్ని పాత శ్రుతిలోనే ఎత్తుకుంది. పాట ఒక దారి, వాద్యం ఒక దారి. జనం నవ్వారు. పిల్ల ఆపేసింది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను. అందులో నా చెయ్యి కూడా ఉంది కనుక ఇంకా ఎక్కువగా.

తెల్లవారేసరికి దాని గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు. ఆరేళ్ల తమ్ముడు మంచం చుట్టూ తిరుగుతూ "అక్కకు గొంతు లేదంట" అని పాటలా పాడుతున్నాడు. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"ఒరేయ్, ఆ మాట ఇంకోసారి వినిపిస్తే నీ నోట్లో మిరపకాయ పెడతా. నువ్వు ఈ పొద్దు నోరు తెరవొద్దమ్మా, ఏం కావాలన్నా పలక మీద రాసి చూపించు. అంకె తప్పు రాసింది నేను. విని కూడా దించనిది ఆయప్ప. నీ గొంతు ఏ తప్పూ చేయలా. ఇంకమీద యాడైనా సరే, నొప్పి తెలిస్తే సగం పాటలో ఆపి దిగొచ్చేయ్. నా కోసం కూడా పాడొద్దు."